నక్షత్రనౌకలో ఆజ్ఞాపీఠము

కథ కల్పితమైనంత మాత్రమున దాని నడకకు కట్టుబాటు అక్కరలేదని యెంచరాదు. లేని లోకమును చూపు కథకే నమ్మిక పుట్టించుటకై కట్టుబాటు మిక్కిలిగా కావలెను. ఈ సంగతిని పై తరగతుల విద్యార్థులకు బోధించుటకు మేము అమెరికా దేశపు ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజన్ కథావళిని ఉదాహరణముగా గైకొనుచున్నాము. దీనిని కల్పించినవాడు జీన్ రాడెన్‌బెర్రీ. 1966 సెప్టెంబరు 8 మొదలు 1969 జూన్ 3 వరకు 79 భాగములు ప్రసారమయ్యెను. సుమారు 430 మంది సిబ్బందితో నక్షత్రముల నడుమ సంచరించు ‘ఎంటర్‌ప్రైజ్’ అను నౌక ఇందులోని రంగస్థలము.

ముందుగా ఆ సిబ్బంది సంగతి. ఏ నౌకలోనైనను పని వంతులవారీగా జరుగును. ఒకరు నిద్రించునపుడు మరియొకరు మేలుకొని యుందురు. ఈ కథావళిలోనో, ఆపద యే వేళ వచ్చినను ఆ అయిదారుగురే తమ కుర్చీలలో నుందురు. అంతకంటె వింత యేమనగా, తెలియని గ్రహముపై దిగవలసివచ్చినపుడు నౌకాధిపతి కర్క్, ఉపాధిపతి స్పాక్, వైద్యుడు మెకాయ్ ముగ్గురును కలిసియే దిగుదురు. ముగ్గురికిని ఒక్కమారే హాని కలిగినచో నౌక గతి యేమి? రాడెన్‌బెర్రీ రెండవ ప్రపంచ యుద్ధములో విమానము నడిపినవాడు గనుక ఇది తెలియక చేసినది కాదు. ప్రధాన నటులు కనబడనిదే కథ నిలువదు, అదియే కారణము. 1987లో వెలువడిన రెండవ కథావళిలో ఈ లోపమును దిద్దిరి. అందులో ఉపాధిపతియే దిగువారికి నాయకుడు. అధిపతి దిగబోయిన అతడు అడ్డుపడును.

ఇట్టి లోపమును మేము నవ్వి విడిచిపెట్టగలము. స్త్రీల విషయమైన లోపము అట్టిది కాదు.

1964లో చిత్రించిన మొదటి నమూనాభాగములో ఉపాధిపతి ఒక స్త్రీ. మేజెల్ బారెట్ ఆ పాత్రను ధరించెను. ఎన్.బి.సి. సంస్థవారు ఆ భాగమును అంగీకరింపలేదు. స్త్రీకి అంత అధికారమా యని వారు జంకిరని రాడెన్‌బెర్రీ చెప్పుచుండెను. అతనితో పనిచేసిన కొందరు మాత్రము, అభ్యంతరము నటి విషయమై గాని పదవి విషయమై కాదని వ్రాసిరి. ఏది నిజమైనను ఫలిత మొక్కటే. ఆ పదవి పురుషుడైన స్పాక్‌కు పోయెను. బారెట్ తరువాత నర్సు వేషమున తిరిగి వచ్చెను. రెండవ నమూనాభాగములో పురుషులవలెనే పొడుగు లాగులు ధరించిన స్త్రీలు, కథావళి మొదలగునప్పటికి పొట్టి గౌనులలో కనబడిరి.

సందేశాధికారిణి ఉహూరాను విడిచి ఈ విషయము చెప్పుటకు వీలులేదు. స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యమను అర్థముగల మాటనుండి ఆ పేరు పుట్టెను. నీగ్రో జాతివారికి సమాన హక్కులకై పోరాటము జరుగుచున్న ఆ దినములలో, నిచెల్ నికోల్స్ అను నల్లజాతి నటి సేవకురాలి వేషమున గాక అధికారిణి వేషమున నౌక నడుమ కూర్చుండుట చిన్న సంగతి కాదు. మొదటి సంవత్సరము ముగియగానే ఆమె మానుకొనదలచగా, డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ గారు ఉండుమని తనను ఒప్పించిరని ఆమె పలుమారులు చెప్పెను. అయినను ఆ పాత్రకు దొరకిన పని యేది? సందేశమార్గము తెరచితినని చెప్పుటయే తరచు. 1967లోని ఒక భాగములో ఆమె చెడిపోయిన యంత్రమును స్వయముగా విప్పి బాగుచేయుచుండ, ఈ పనికి నీకంటె సమర్థులు లేరని స్పాక్ మెచ్చుకొనును. ఆ యొక్క ఘట్టము ఆమె పాత్రను నమ్మదగినదిగా చేసినంత, ఆమె హోదాచిహ్నము చేయలేదని మా అభిప్రాయము.

ఇక 1968లోని ‘ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్’. దీనిని వ్రాసినది డొరతీ ఫాంటానా అను రచయిత్రి, డి. సి. ఫాంటానా అను పొడి అక్షరములతో ఆమె పేరు వేసికొనుచుండెను. ఇందులో శత్రుపక్షపు నౌకల అధిపతి స్త్రీ. ధైర్యశాలి, గంభీరురాలు. కాని స్పాక్‌పై కలిగిన అనురాగమువలన మోసపోవును; ఆమెకు పేరైనను పెట్టలేదు. చివరి భాగమైన ‘టర్నబౌట్ ఇంట్రూడర్’ మరియు శోచనీయము. నౌకాధిపతుల లోకములో స్త్రీలకు చోటులేదని జానిస్ లెస్టర్ అను నామె మొరపెట్టుకొనును. ఆ మొర న్యాయమైనది. అయితే కథ దానికి ఉత్తరము చెప్పక, ఆమెను ఉన్మాదినిగా చూపి తప్పించుకొనును. అధికారము దక్కనందున ఆమెకు మతి చెడెనా, మతి చెడినందున అధికారము దక్కలేదా? రచయితలు ఈ ముడి విప్పలేదు.

కాలము అట్టిదని కొందరు సమర్థింతురు. ఇది సగమే నిజము. 1963 జూన్‌లోనే రష్యా దేశపు వాలెంటీనా తెరిష్కోవా ఒంటరిగా భూమిని 48 మారులు చుట్టివచ్చెను. అమెరికావారు మాత్రము 1978 వరకు స్త్రీలను వ్యోమగాములుగా ఎన్నుకొనలేదు. ఆ సంవత్సరము ఎన్నికైన 35 మందిలో ఆరుగురు స్త్రీలు. అంతకుముందు 1977లో, స్త్రీలును నల్లజాతివారును దరఖాస్తు చేసికొనునట్లు నాసా పక్షమున ఊరూర తిరిగి చెప్పినది ఉహూరా వేషధారిణియైన నికోల్స్ యే. కథావళిలో స్త్రీ నౌకాధిపతియే ప్రధానపాత్రగా 1995లో వచ్చెను. ఐలీన్ కాలిన్స్ ‘కొలంబియా’ వ్యోమనౌకకు అధిపతియై 1999 జూలైలో వెళ్లెను.

విద్యార్థులకు అభ్యాసము: 1973లో బొమ్మలతో తీసిన ‘ది లోరెలై సిగ్నల్’ అను భాగములో పురుషులు శక్తిహీనులు కాగా ఉహూరా నౌకాధికారము చేపట్టును. దానిని పై చివరి భాగముతో పోల్చి, ఆజ్ఞ ఇచ్చినది ఎవరు, దానిని పాటించినది ఎవరు, అందుకు కథలో చూపిన కారణమేమి అను విషయములను ఒక పుటకు మించకుండ వ్రాసి తీసికొని రావలెను.