కలం: వెల – విలువ

పాఠ్యభాగ ఉద్దేశం

పాత ఫౌంటెన్ పెన్నులను సేకరించడం సంపన్నుల విలాసమనే అభిప్రాయం లోకంలో ఉంది. కలం చరిత్రను, పనితీరును, దానిని కాపాడుకొనే పద్ధతులను తెలియజేస్తూ, వస్తువు వెల వేరు, విలువ వేరు అన్న వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవుడు తన భావాలను భద్రపరచుకోవడానికి ఎన్నో సాధనాలను కనిపెట్టాడు. మన పూర్వులు తాటాకులపై ఘంటంతో అక్షరాలు గీసి, ఆ గీతల్లో మసి నింపి చదువుకొనేవారు. కాగితం వాడుకలోకి వచ్చిన తరువాత రెల్లు కలం, పక్షి ఈక, ఉక్కు పాళీ మానవుని చేతిని అలంకరించాయి. అయితే వీటన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. నాలుగు మాటలు వ్రాసేసరికి సిరా అయిపోతుంది. మళ్లీ సిరాబుడ్డిలో ముంచాలి. అంతలో ఆలోచన తెగిపోతుంది.

సిరాను తనలోనే దాచుకొనే కలాలను చేయాలని పలువురు ప్రయత్నించారు. కాని సిరా ఒక్కసారిగా కారిపోవడమో, అసలు దిగకపోవడమో జరిగేది. 1884లో న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు పొందిన కలం ఈ చిక్కును చాలావరకు విడదీసింది. పాళీ కింద నాలుకలాగా ఉండే భాగంలో ఆయన సన్నని గాళ్లు తీర్చాడు. వాటి గుండా సిరా కొద్దికొద్దిగా కిందికి దిగుతుంటే, అంతే గాలి పైకి చేరి ఖాళీ అయిన చోటును నింపుతుంది. సన్నని సందుల్లో ద్రవం తనంతట తాను పాకే ఈ గుణాన్ని భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అంటారు. ప్రమిదలోని నూనె వత్తి కొనకు ఎక్కడానికి కూడా ఇదే కారణం.

ఆ తరువాతి అర్ధశతాబ్దం ఫౌంటెన్ పెన్నుకు స్వర్ణయుగం. జర్మనీకి చెందిన మాంట్‌బ్లాంక్ సంస్థ 1924లో ‘మైస్టర్‌ష్టుక్’ అనే కలాన్ని, అమెరికాకు చెందిన పార్కర్ సంస్థ 1941లో ‘పార్కర్ 51’ను విడుదల చేశాయి. నేటికీ సేకర్తలు వెదకి పట్టుకొనే కలాలలో ఇవి ముఖ్యమైనవి. వీటి పాళీలను బంగారంతో చేయడం కేవలం ఆడంబరం కోసం కాదు. ఆనాటి సిరాలలో ఆమ్లగుణం గలవి చాలా ఉండేవి. అవి ఉక్కును తినివేస్తాయి, బంగారాన్ని ఏమీ చేయలేవు. మేలిమి బంగారం మరీ మెత్తన కనుక ఇతర లోహాలు కలిపి 14 క్యారెట్ల పాళీని, అంటే నూటికి 58.5 పాళ్లు బంగారం గలదానిని, చేసేవారు. కాగితంపై రాపిడికి అరగకుండా పాళీ కొనకు ఇరీడియం, ఓస్మియం వంటి కఠిన లోహాల మిశ్రమంతో చిన్న ములికి అతికేవారు. ఏళ్ల తరబడి వ్రాసేకొద్దీ ఆ ములికి వ్రాసేవారి చేతివాటానికి తగినట్లుగా అరుగుతుంది. అందువల్ల పాత కలం ప్రతిదీ దాని యజమాని చేతికి ఒక జ్ఞాపిక.

ఈ కలాలను తయారుచేసే నైపుణ్యం విదేశాల సొత్తు మాత్రమే కాదు. పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతాల విద్యార్థులకు లేత్ యంత్రం కొత్త కాదు. గిరగిర తిరిగే కడ్డీకి పదునైన పనిముట్టును ఆనించి, వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కే కార్మికుని ఏకాగ్రతను వారు చూసే ఉంటారు. చేతితో చేసే కలం కూడా లేత్‌పైనే పుడుతుంది. రబ్బరులో గంధకాన్ని అధికంగా కలిపి వేడిచేస్తే ఎబొనైట్ అనే గట్టి పదార్థం వస్తుంది. ఆ కడ్డీని తొలిచి సిరా నిలిచే గొట్టం, మూత, మరలు చెక్కుతారు. మరలో కొంచెం తేడా వచ్చినా సిరా చొక్కాజేబును తడుపుతుంది.

తెలుగునేలపై ఈ విద్యకు కీర్తి తెచ్చిన ఊరు రాజమహేంద్రవరం. కోసూరి వెంకటరత్నం అక్కడ 1930 దశకం తొలినాళ్లలో రత్నం పెన్నుల తయారీని ప్రారంభించారు. సామాన్యులకు పనికివచ్చే స్వదేశీ వస్తువును చేయవలసిందని గాంధీజీ ఇచ్చిన సలహాయే ఇందుకు ప్రేరణ. మొదట చేసిన కలంలో పాళీ విదేశీయమైనందున ఆయన దానిని ఒప్పుకోలేదని చెబుతారు. పట్టు విడవక రత్నం స్వదేశీ కలాన్ని సిద్ధం చేశారు. అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప ద్వారా అది గాంధీజీకి చేరింది. దానితో వ్రాసి చూసిన గాంధీజీ 1935 జూలై 16న రత్నానికి ఉత్తరం వ్రాశారు. బజారులో కనిపించే విదేశీ కలాలకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా తోస్తున్నదని అందులో మెచ్చుకొన్నారు. ఒక చిన్న పట్టణంలోని పనివాని చేతికి లభించిన గౌరవం అది.

హంగేరీ దేశస్థుడు లాస్లో బిరో 1938లో పేటెంటు పొందిన బాల్‌పాయింట్ పెన్ను ఈ చరిత్రను మలుపు తిప్పింది. 1945 అక్టోబరు 29న న్యూయార్కులో ఇటువంటి పెన్నులను తొలిసారి అమ్మినపుడు ఒక్కొక్కదాని ధర పన్నెండున్నర డాలర్లు. అంటే అది కూడా మొదట ఖరీదైన వస్తువే. క్రమంగా చౌక అయింది. చదువుకొనే ప్రతి చేతికీ అందింది. అది కాదనలేని మేలు. కాని వ్రాసి పారవేసే అలవాటు కూడా దానితోనే వచ్చింది. పారవేసినది ఎక్కడికీ పోదు, ఎక్కడో ఒకచోట పేరుకొంటుంది. పరిశ్రమల వ్యర్థాలతో కలుషితమైన నక్కవాగును ఎరిగిన పటాన్‌చెరు ప్రాంతవాసులకు ఈ మాటను ప్రత్యేకంగా వివరించనవసరం లేదు.

పాత కలం ఇన్నేళ్లు మిగలడానికి మూలకారణం దానిని విప్పి బాగుచేయగలగడమే. లోపలి రబ్బరు గొట్టం ఎండితే మార్చవచ్చు. వంగిన పాళీని సరిచేయవచ్చు. ఈ గుణాన్ని నిలబెట్టడమే నిజమైన సేకర్త చేసే పని. పాత కలం చేతికి వస్తే ముందుగా మూత అంచున చీలికలు ఉన్నాయేమో, పాళీ రెండు కొనలు సమంగా ఉన్నాయేమో పరిశీలించాలి. ఎండిన సిరాను చల్లని నీటిలో నానబెట్టి కరిగించాలి. వేడినీరు తగిలినా, ఎండలో ఉంచినా ఎబొనైట్ నల్లదనం కోల్పోయి గోధుమవన్నెకు మారుతుంది. బిగిసిన మీటను బలవంతంగా లాగరాదు. కలంపై చెక్కిన పేర్లు, తేదీలు చెరిగేటట్లు మెరుగు పెట్టరాదు. అవే దాని చరిత్ర. ఆ కలం ఎవరిది, ఎప్పటిది అన్న వివరాలను ఒక చిన్న పుస్తకంలో వ్రాసి ఉంచుకోవాలి. అన్నిటికన్న ముఖ్యం, దానితో అప్పుడప్పుడైనా వ్రాయాలి. వాడకం లేక సిరా ఎండిపోయిన కలమే ముందుగా చెడిపోతుంది.

వెలకు, విలువకు గల భేదాన్ని తెలిపే ఉదాహరణ ఒకటి ఉంది. 2009లో గాంధీ జయంతి సందర్భంగా మాంట్‌బ్లాంక్ సంస్థ ఆయన పేరిట పరిమిత సంఖ్యలో కలాలను విడుదల చేసింది. దండి యాత్ర సాగిన మైళ్లకు గుర్తుగా 241 కలాలు చేసి, ఒక్కొక్కదానికి 11 లక్షల రూపాయలకు పైగా వెల నిర్ణయించింది. బంగారు పాళీపై చేతికర్రతో నడుస్తున్న మహాత్ముని రూపం ఉంది. నిరాడంబరతకు మారుపేరైన వ్యక్తిని విలాసవస్తువుకు గుర్తుగా వాడటంపై నిరసనలు వచ్చాయి. కేరళ ఉన్నత న్యాయస్థానంలో వ్యాజ్యం దాఖలైంది. 2010లో ఆ కలాల అమ్మకాన్ని మన దేశంలో నిలిపివేశారు. ఆ కలం చేసిన పనివారి నేర్పును ఎవరూ తప్పుపట్టలేదు. కాని గాంధీజీ పేరు గల ఆ కలం కంటె, గాంధీజీ స్వయంగా వ్రాసి చూసి మెచ్చిన రాజమహేంద్రవరపు కలమే ఆయన మనసుకు దగ్గరిది.

అందమైన వస్తువును ప్రేమించడం దోషం కాదు. దానిని పెట్టెలో బంధించి, ధర చెప్పుకొని గర్వించడమే దోషం. తాతగారి పెట్టె అడుగున మూతి బిగిసిన పాత ఇంకు పెన్ను ఒకటి నేటికీ ఎన్నో ఇళ్లలో ఉంటుంది. దానిని వెలికితీసి, శుభ్రపరచి, ఫిల్లరుతో సిరా పోసి ఒక ఉత్తరం వ్రాయగలిగితే చాలు. అంగడిలో దానికి వెల కట్టేవారు లేకపోయినా, ఆ ఇంటికి దాని విలువ తెలుస్తుంది.

అర్థాలు

ఘంటం = తాటాకుపై వ్రాసే లోహపు సాధనం
పాళీ = కలం కొనన ఉండి వ్రాసే భాగం
ములికి = మొన
గాడి = సన్నని కాలువ వంటి గీత
జ్ఞాపిక = గుర్తుగా నిలిచే వస్తువు
వ్యాజ్యం = న్యాయస్థానంలో వేసిన దావా

ప్రశ్నలు

1. సిరా కాగితంపైకి క్రమంగా దిగడానికి కారణమేమిటి?
2. బంగారు పాళీ కేవలం ఆడంబరం కాదని ఎట్లా చెప్పగలరు?
3. రత్నం పెన్నుల పుట్టుకను వివరించండి.
4. “వెల వేరు, విలువ వేరు.” పాఠం ఆధారంగా చర్చించండి.
5. మీ ఇంట్లోని ఒక పాత వస్తువు చరిత్రను పెద్దలను అడిగి తెలుసుకొని వ్యాసం వ్రాయండి.