వైద్య సహాయకుని చదువు: నేర్చుకోవలసిన మూడు పనులు

గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నడుమనున్న మన అజీజ్‌నగర్ పేరు చెప్పగానే ఎవరికైనా ఇంజనీరింగు చదువులే గుర్తుకొస్తాయి. కాని ఇదే బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్, చేవెళ్ల దాకా ఉన్న పల్లెల్లో ఇంటర్ బై.పి.సి. చదివి, ఎం.బి.బి.ఎస్. సీటు రాక, "ఇక మన పని అయిపోయింది" అని కూర్చున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వారి కోసమూ, వారికి సలహా చెప్పవలసిన మన కోసమూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దవాఖాన ఒక్క డాక్టరుతో నడవదు. రక్తం పరీక్షించేవారు, ఇ.సి.జి. తీసేవారు, డయాలసిస్ యంత్రం నడిపేవారు, ఆపరేషన్ థియేటరు సిద్ధం చేసేవారు, అంబులెన్సులో రోగి పక్కన కూర్చునేవారు, వీరందరూ కలిస్తేనే వైద్యం. ఈ పనులకు మన రాష్ట్రంలో పారామెడికల్ బోర్డు రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయి. డిగ్రీ కావాలంటే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద బి.ఎస్సీ. కోర్సులు ఉన్నాయి. పేర్లు వేరైనా పునాది ఒక్కటే: శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం, సూక్ష్మజీవులు, ఆ పైన ఆసుపత్రిలో చేతిపని.

ఈ చదువు నిన్న మొన్న పుట్టింది కాదు. 1846లో హైదరాబాదులో వెలసిన మెడికల్ స్కూలులో తొలి రోజుల్లో పాఠాలు ఉర్దూలోనే సాగేవి. స్థానిక భాషలో వైద్యం నేర్పవచ్చునని అది ఆనాడే చూపింది. తర్వాత దేశంలో లైసెన్షియేట్లు అనే రెండో తరగతి వైద్యులు తయారయ్యారు. 1946లో భోర్ కమిటీ, డాక్టరు అంటే ఒకే రకం ఉండాలని చెప్పిన మీదట ఆ కోర్సులు క్రమంగా ఆగిపోయాయి. ఖాళీ మాత్రం మిగిలింది. అమెరికాలో 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్, నౌకాదళంలో వైద్యసేవ చేసి వచ్చిన నలుగురితో ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు మొదలుపెట్టారు. మన దేశంలో 1992లో మద్రాసులో అటువంటి శిక్షణ ప్రారంభమయింది. 2005 ఆగస్టు 15న మన దగ్గర 108 అంబులెన్సు మొదలయ్యాక, శిక్షణ పొందిన టెక్నీషియన్ అంటే ఎవరో పల్లె జనానికీ తెలిసివచ్చింది. 2021లో పార్లమెంటు ఈ అనుబంధ వృత్తుల కోసం ప్రత్యేక చట్టమే చేసింది.

సరే, చరిత్ర అలా ఉంచుదాం. ఈ చదువులో అసలు నేర్చుకోవలసినదేమిటి? నా దృష్టిలో మూడు పనులు: సరిగ్గా కొలవడం, సరిగ్గా రాయడం, సకాలంలో చెప్పడం.

మొదటిది కొలవడం. బి.పి. చూడడం ఎవరికి రాదండీ అంటారు. రోగి మెట్లెక్కి ఆయాసంతో రాగానే చొక్కా చేతి మీదనే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూ చూస్తే వచ్చే అంకె బి.పి. కాదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క అంకెతో లేని జబ్బుకు ఏళ్ల తరబడి మాత్రలు మింగవలసి రావచ్చు.

పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టడం ఇంకా ముఖ్యం. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకూడదు. బిడ్డ ఏడుపు ఆగాక నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలలు నిండి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, ఆ అంకె గానీ అంతకు మించి గానీ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. న్యుమోనియా అనుమానానికి అది తొలి గుర్తు. దీనికి యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి.

లెక్కలూ రావాలి. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమన్నారు, గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయి అనుకోండి. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. అంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు. మరొకటి చూడండి. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ రాశారు, 180 మిల్లీగ్రాములు. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసాలోంచి అయితే 7.2 మిల్లీలీటర్లు, 250 ఉన్న సీసాలోంచి అయితే 3.6 మాత్రమే. సీసా మీది అక్షరాలు చదవకుండా "అదే మందు కదా" అని పోస్తే మోతాదు రెట్టింపవుతుంది! మోతాదు నిర్ణయించేది డాక్టరే, కాని చివరిసారి సరిచూసేది సహాయకుడు.

రెండవది రాయడం. రాయనిది చేయనట్టే. ఏ మందు, ఎంత, ఏ గంటకు, ఎవరు ఇచ్చారో వెంటనే రాయాలి. పేరు అడిగే పద్ధతి కూడా ఉంది. "నువ్వు లక్ష్మమ్మవేనా?" అంటే చెవులు సరిగా వినబడని అవ్వ ఊ అంటుంది. "అవ్వా, నీ పేరేంది?" అని అడిగి, ఆమె నోటితో చెప్పించి, చీటీతో పోల్చుకోవాలి.

మూడవది చెప్పడం. తేడా కనబడితే దాచకుండా, భయపడకుండా పైవారికి చెప్పాలి. తనకు సూది గుచ్చుకున్నా అంతే. సబ్బుతో, నీళ్లతో కడిగి వెంటనే తెలియజేయాలి. హెచ్.ఐ.వి. నివారణ మందు వీలైనంత త్వరగా, 72 గంటల లోపే మొదలుపెట్టాలి. సిగ్గుపడి ఊరుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా తెల్లని గట్టి డబ్బాలో వేయాలని, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి పోవాలని 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. అవి పరీక్ష కోసం కాదు, చెత్త ఎత్తే మనిషి చేతుల కోసం.

ఇక అన్నింటికంటె కష్టమైన పాఠం ఒకటుంది. తెల్లకోటు వేసుకుని ఊరికి వెళ్లగానే "డాక్టరు బాబు వచ్చిండు, ఒక్క సూది వెయ్యి బిడ్డా" అంటారు. అడిగేది మేనత్తో, పెద్దనాయనో అవుతారు. కాదనడం తేలిక కాదు. కాని రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, జ్వరానికి కారణం తెలియకుండా వేసిన సూది జబ్బును కప్పిపెడుతుంది. అప్పుడు సహాయకుడు చేయవలసింది జ్వరం చూసి, నాడి చూసి, కాగితం మీద రాసి, "అత్తా, ఇది పట్టుకుని దవాఖానకు పోదాం, నేనూ వస్తా" అనడం. అది చేతగానితనం కాదు. ఆ కాగితం డాక్టరుకు సగం పని తగ్గిస్తుంది.

కావున మిత్రులారా, ఈ చదువును సీటు రానివారి ఓదార్పుగా చూడకండి. చేరేముందు ఆ కాలేజీకి బోర్డు గుర్తింపు గానీ విశ్వవిద్యాలయ గుర్తింపు గానీ ఉందా, ప్రాక్టికల్స్‌కు నిజంగా రోగులున్న ఆసుపత్రి ఉందా అని తప్పక విచారించండి. చేరాక నోట్సు కంటె చేతిని ఎక్కువ నమ్మండి. మన ఊళ్లకు చిన్న డాక్టర్లు అక్కర్లేదు. తన పని తనకు పూర్తిగా తెలిసి, తన హద్దు కూడా తెలిసిన సహాయకులు కావాలి.