చలికాలమున ట్రాక్టరు స్టీరింగు మూలుగు

సాగరు ఎడమ కాలువకు నీరు వచ్చిన యేట హుజూర్‌నగర్ ప్రాంతమున పుష్యమాసమందు యాసంగి దమ్ములు సాగుచుండును. ఆ దినములలో వేకువన ట్రాక్టరు స్టీరింగు త్రిప్పగానే మూలుగు వినవచ్చుట కలదు. కారణ మెఱుగక పంపును మార్చుట వృథా వ్యయము.

పవరు స్టీరింగునందు పంపు నూనెను ఒత్తిడితో త్రోసి, చక్రములు త్రిప్పుటకు తోడ్పడును. చలికి నూనె కొంత చిక్కబడి పంపునకు వెంటనే అందదు. అందుచే మూలుగు పుట్టును. నూనె వేడెక్కిన పిమ్మట అది అణగినచో సాధారణముగా పంపు చెడలేదని తెలియవలెను.

అప్పటికిని మానకున్నచో బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, నూనె మట్టము చూడుడు. తగ్గియున్నచో గొట్టములు, బిగింపులు తడిసియున్నవేమో పరీక్షింపుడు. ఇంజను నడచుచుండగా కాఱుచోటును చేతితో తడుమరాదు. ఒత్తిడిగల నూనె చర్మములోనికి దూసికొనిపోగలదు. నూనెలో నురుగు కనబడినచో గాలి చొరబడినదని యెఱుగుడు. కాఱుటను మాన్పించి, నూనె నింపి, ఇంజను నెమ్మదిగా నడుపుచు స్టీరింగును ఇరుప్రక్కలకు పలుమారు త్రిప్పినచో గాలి వెడలును.

ట్రాక్టరుతో నిచ్చిన పుస్తకమున చెప్పిన నూనెనే వాడవలెను. వాడిన ఇంజను నూనె పోయరాదు. మూలుగుతోపాటు స్టీరింగు బరువెక్కినచో బండిని కాలువకట్టపైకి తోలక, ముందుగా మెకానికునకు చూపుడు.