పెళ్లి వీడియోలో ఈ కుదుపులేమిటి?

ప్రశ్న: గుంటూరులో జరిగిన మా అబ్బాయి పెళ్లి వీడియోను అమెరికాలోని ఫ్రిస్కోలో మీడియా ప్లేయర్ తగిలించి టీవీలో చూస్తుంటే, కెమెరా తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులతో కదులుతోంది. ఫైలు పాడైందా?

జవాబు: పాడవలేదండీ. మన దగ్గర కరెంటు 50 సైకిళ్లు, అమెరికాలో 60. పాత టీవీ పద్ధతులు పాల్, ఎన్‌టీఎస్‌సీల తేడా దాన్నుంచి వచ్చిందే. మన దగ్గరి కెమెరాలకు ఆ 50 లెక్క అలవాటు ఇంకా పోలేదు. అందుకే మీ వీడియో బహుశా సెకనుకు అందులో సగం, 25 ఫ్రేములు. అక్కడి టీవీ సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. లెక్క సమంగా తెగదు కాబట్టి కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు పడతాయి. కుదుపు అదే.

ప్లేయర్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ పెట్టి చూడండి. అమెరికా టీవీలన్నీ దాన్ని ఒప్పుకోవు. డబ్బిచ్చి వీడియోను 30 ఫ్రేములకు మార్పించడం మాత్రం దండగ.