ధూళిలో దాగిన నిప్పు

మనము నిత్యము వాడు దువ్వెనలు, బొత్తాములు, సీసాలు మున్నగువానిలో ననేకములు ప్లాస్టిక్కుతో జేయబడినవే. కొన్ని కర్మాగారములలో ప్లాస్టిక్కు గోధుమపిండివలె మెత్తని పొడిగా నుండును. ఈ పొడి గాలిలో లేచి పనివారి ఊపిరితిత్తులకు హాని చేయవచ్చును. అంతేగాక దానివలన అగ్నిభయమును గలదు.

పెద్ద దుంగ మెల్లగా మండును. దానిని పుల్లలుగా జీల్చిన శీఘ్రముగా మండును. మండు స్వభావముగల వస్తువు మెత్తని పొడియై గాలిలో జెదరినచో, ప్రతి కణమును గాలి చుట్టియుండును గనుక, నిప్పురవ్వ తగిలినంతనే యంతయు క్షణములో మండును. ఆ చోటు మూయబడినదైన, వేడిమిచే వ్యాకోచించిన వాయువులు గోడలను బద్దలు చేయును. ఇట్టి ప్రేలుడునకు ఐదు కారణములు కూడవలయును: మండెడు ధూళి, ప్రాణవాయువు, నిప్పు, ధూళి గాలిలో లేచుట, మూసిన చోటు. వీనిలో నొకటి లోపించినను ప్రేలుడు కలుగదు.

ఇందుకు నిదర్శన మొకటి చెప్పెదము. అమెరికాదేశమున ఉత్తర కారొలైనా రాష్ట్రములోని కిన్‌స్టన్ పట్టణమున నొక కర్మాగారములో వైద్యోపకరణములకు వలయు రబ్బరు వస్తువులను జేయుచుండిరి. రబ్బరు పట్టీలు ఒకదాని కొకటి అంటుకొనకుండుటకై, పాలిథిలీన్ అను ప్లాస్టిక్కు పొడిని గలిపిన నీటిలో వానిని ముంచి, పంకాల గాలికి ఆరబెట్టుచుండిరి. నీటిలో నున్నంతవఱకు ఆ పొడివలన భయము లేదు. నీరు ఆరిన పిమ్మట కొంత పొడి గాలిలో లేచి, పైకప్పునకు దిగువ వ్రేలాడగట్టిన లోకప్పుమీద పేరుకొనెను. క్రింద నేలను, యంత్రములను పనివారు శ్రద్ధతో శుభ్రము చేయుచునే యుండిరి. మరమ్మతు పనివారు కొందఱు పైనున్న ధూళిని జూచిరి. కాని యది ప్రేలునని వారి కెవ్వరును నేర్పియుండలేదు. 2003 జనవరి 29వ తేదీన అది ప్రేలెను. ఆఱుగురు మరణించిరి, అనేకులు గాయపడిరి. నెల తిరుగకమునుపే, ఫిబ్రవరి 20వ తేదీన, కెంటకీ రాష్ట్రములోని కార్బిన్ పట్టణమున వేఱొక కర్మాగారములో రెజిన్ పొడి ప్రేలి ఏడుగురు మృతినొందిరి.

నివారణోపాయములు కష్టమైనవి కావు. ధూళిని బుట్టినచోటనే గొట్టములద్వారా పీల్చివేయవలెను. మఱుగుచోట్లను తఱచుగా పరీక్షింపవలెను. పేరుకొనిన ధూళిని గాలితో నెగురగొట్టక, అందులకు దగిన యంత్రముతో పీల్చి తీయవలెను. నిప్పురవ్వలు పుట్టు పరికరములను దాని దరి జేరనీయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి పనివానికిని ఈ యపాయమును బోధింపవలెను.

విద్యార్థులారా! మీలో గొందఱు రేపు యంత్రశాలలలో పనివారు గావచ్చును. కొందఱు వాని నడుపు నధికారులు గావచ్చును. కంటి కగపడు చోటు తుడిచినంతమాత్రమున శుభ్రత పూర్తికాదు. అట్లే, తెలిసినవాడు తెలియనివానికి జెప్పనిదే విద్య సార్థకము గాదు. కిన్‌స్టన్‌లో ధూళి కనబడెను. దానిని గుర్తించు జ్ఞానమే కొఱవడెను.