విషాదనాయకుడు

భోపాల్‌పట్నము జమీందారీ యొకప్పుడు బస్తరు సంస్థానములోనిది. ఆ సంస్థానపు రాజులు తమ మూలపురుషుడు ఓరుగంటి ప్రతాపరుద్రుని తమ్ముడగు అన్నమదేవుడని చెప్పుకొనిరి. విషాదనాయకుని లక్షణము ఆ అన్నగారి కథయందే గోచరించును.

విద్యానాథుడు తన అలంకారగ్రంథమున నాయకగుణములకు ప్రతాపరుద్రునే ఉదాహరణముగా నిలిపెను. 1323లో ఓరుగల్లు పడిపోయెను. బందీయై ఢిల్లీకి పోవుచు రాజు నర్మదాతీరమున మరణించెనని విలస శాసనము చెప్పుచున్నది. 1423 నాటి కలువచేరు శాసనమో, ఆయన స్వేచ్ఛతో దివమున కేగెననును. ఇది నూరేండ్ల పిమ్మటి మాట. అయినను ఆంధ్రులు తమ రాజును ఎట్లు తలపోసిరో దీనివలన తెలియును.

నాయకుని పతనమునకు అతని పొరపాటే మూలమని అరిస్టాటిల్ మతము. ఇచ్చట అది చాలదు. రాజ్యనాశము దుఃఖకరమే, కాని సర్వమును పోయిన పిదపను సంకల్పము తనదిగానే నిలుపుకొనిననాడు గదా రాజు విషాదనాయకుడగుట! వేదము వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయము'లో మంత్రి యుగంధరుడు రాజును విడిపించి తెచ్చును. ప్రేక్షకులకు ఊరట కలిగెను. నర్మదాతీరపు ఘట్టమునకు మాత్రము అందు చోటు లేకపోయెను.