చలిగాలి తిరిగే వేళ రోగి ఇంటివారికి ఒక పాఠం



డాక్టరు గారు రాసిన మందుల చీటీని మీరు ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు. రేడియోలో, టీవీలో వచ్చే వాతావరణ సమాచారాన్ని మాత్రం అంత శ్రద్ధగా వినరు. అది వేటకు వెళ్లే మత్స్యకారులకు, రైతులకు సంబంధించినదని అనుకుంటాము. కాని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో అక్టోబరు నుండి జనవరి వరకు ఆ సమాచారం కూడా వైద్యంలో ఒక భాగమే. ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవారు, బి.పి., గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు, వృద్ధులు, పసిబిడ్డలు ఉంటే ఈ పాఠాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.

1. మన ప్రాంతంలో గాలి ఎలా మారుతుంది?

నైరుతి ఋతుపవనాలు అక్టోబరులో మన జిల్లా నుండి వెనుదిరుగుతాయి. అప్పటికి బంగాళాఖాతంలో నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వేడి వల్ల అల్పపీడనాలు వాయుగుండాలుగాను, కొన్ని తుఫానులుగాను బలపడతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే దాని దెబ్బ మన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వరకు తగిలింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలోనే తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. చాలా గ్రామాలలో రోజుల తరబడి కరెంటు లేదు.

నవంబరు సగం దాటాక గాలి ఉత్తరం వైపు నుండి వీస్తుంది. ఆ రోజులలో పడమటి దేశాల మీదుగా వచ్చే మేఘాలు హిమాలయాలలో మంచు కురిపించి తూర్పుకు సాగిపోతాయి. వాటి వెనుక చల్లని పొడిగాలి ఉత్తర భారతమంతా పరచుకుంటుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా అది మన వైపు దిగుతుంది. ఇక్కడికి వచ్చేసరికి దాని పదును తగ్గుతుంది. అయినా ఉక్కకు అలవాటుపడిన మన శరీరాలకు ఆ మాత్రం మార్పే ఎక్కువ.

ఇంటి దగ్గరే చూడదగిన గుర్తులు రెండు. సాయంత్రం ఆకాశం నిర్మలంగా ఉండి, ఉత్తరపు గాలి వీస్తుంటే ఆ రాత్రి చలి పెరుగుతుంది. సముద్రం వైపు నుండి మబ్బు కమ్మితే రాత్రి చలి తగ్గుతుంది గాని వాన పడవచ్చు. తీర గ్రామాలకు సముద్రమే కొంత కాపు. మహేంద్రగిరి కొండల వైపున్న మందస, మెళియాపుట్టి గ్రామాలలో చలి ఎక్కువ.

2. తుఫాను హెచ్చరిక, డయాలసిస్ రోజు

డయాలసిస్ యంత్రం నడవడానికి కరెంటు కావాలి. ఒక రోగికి నాలుగు గంటల డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. తుఫాను మొదట దెబ్బతీసేది కరెంటును, నీటిని, దారిని. అందుచేత హెచ్చరిక వినగానే మీరు వేయవలసిన మొదటి లెక్క ఇది: తుఫాను తీరం దాటే రోజు ఏది, మన రోగి వంతు ఏ రోజు?

ఉదాహరణకు, గురువారం తుఫాను తీరం దాటుతుందని చెప్పారు. మీ వంతు కూడా గురువారమే. మంగళవారమే కేంద్రానికి ఫోను చేసి, బుధవారం వంతు ఇవ్వగలరేమో అడగండి. "గాలి తగ్గాక వెళ్దాంలే" అని ఆగితే గాలి తగ్గుతుంది గాని రోడ్డు తెరుచుకోదు. పలాస, సోంపేట, టెక్కలి కేంద్రాలలో మీకు దగ్గరగా ఉన్న రెండవది ఏదో ముందే తెలుసుకోండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడికి మీ ఊరి నుండి వెళ్లే దారులు ఎన్ని ఉన్నాయో కూడా చూసి ఉంచుకోండి.

వాతావరణ శాఖ హెచ్చరికలకు రంగులు ఉంటాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధపడండి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి. నారింజ రంగు వచ్చేసరికి ఈ సంచి సిద్ధంగా ఉండాలి:

- వారం రోజుల మందులు, తడవకుండా ప్లాస్టిక్ కవరులో
- డయాలసిస్ పుస్తకం, రక్త పరీక్షల కాగితాలు, ఆరోగ్య పథకం కార్డు
- టార్చిలైటు, ఛార్జి చేసిన ఫోను
- ఇన్సులిన్ వాడేవారైతే, కరెంటు పోతే దానిని చల్లగా ఉంచడానికి తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ

డయాలసిస్ ఆలస్యమైతే ఆహారమే కాపాడాలి. ఇక్కడే మన ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. కూరగాయలు దొరకనప్పుడు ఎండు చేప, ఆవకాయ, అప్పడాలు బయటికి తీస్తాము. వాటిలోని ఉప్పు దాహాన్ని పెంచుతుంది. పడిపోయిన చెట్ల నుండి కొబ్బరి బొండాలు విరివిగా దొరుకుతాయి. నీరసంగా ఉన్నవారికి ప్రేమతో ఇస్తాము. కాని కొబ్బరి నీళ్లలో, అరటి పండులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ తప్పిన రోగికి అది గుండె లయను తప్పించి ప్రాణం మీదికి తేవచ్చు. ఆ రోజులలో ఎంత నీరు, ఏ ఆహారం ఇవ్వాలో ఇప్పుడే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆయాసం, కాళ్లు చచ్చుబడినట్లు ఉండడం, గుండె దడ కనిపిస్తే ఉదయం వరకు ఆగకుండా 108కి ఫోను చేయండి.

3. చలి మొదలయ్యాక

కిడ్నీ రోగులు: మూత్రం తగ్గినవారికి ఒంట్లో నీరు బయటికి పోయే దారులు ముఖ్యంగా రెండు, డయాలసిస్, చెమట. చలిలో చెమట తగ్గిపోతుంది. వేసవిలో సరిపోయిన గ్లాసుల లెక్క ఇప్పుడు ఎక్కువ కావచ్చు. వేడి టీ, పాలు, చారు, గంజి కూడా ఆ లెక్కలోనివే. రోజూ ఉదయం బరువు చూడండి. ఫిస్టులా ఉన్న చేతికి బిగుతు స్వెట్టరు వేయవద్దు. ఆ చేయి కిందపెట్టి పడుకోనివ్వవద్దు.

కీళ్ల నొప్పులు: చలికి నొప్పులు పెరుగుతాయి. దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు, ఊళ్లో వేయించుకునే నొప్పి ఇంజక్షన్లు కిడ్నీలకు హాని చేస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం శాస్త్రజ్ఞులు ఇంకా ఖచ్చితంగా తేల్చలేదు. కాని ఈ హాని తెలిసినది, మన చేతిలో ఆపగలిగినది. వేడి కాపడం పెట్టండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

బి.పి., గుండెజబ్బు ఉన్నవారు: చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం మాన్పించండి. మందులు ఒక్కరోజు కూడా అయిపోనివ్వవద్దు. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. ఆ సమయాన్ని గుర్తుంచుకోండి. కొందరికి ఉపయోగపడే మందును నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

పసిబిడ్డలు: తల, పాదాలు కప్పండి. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టడం మంచి వెచ్చదనం. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయవద్దు.

కుంపటి: తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవద్దు. దాని నుండి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

క్రిస్మస్ రోజులు: అర్ధరాత్రి ఆరాధనకు పెద్దలను తీసుకువస్తే చెవులు, ఛాతీ కప్పి తీసుకురండి. డయాలసిస్ రోగికి పలాస జీడిపప్పు, ఎండు పండ్ల కేకు ప్రేమతోనైనా పెట్టవద్దు.

4. ఇంట్లో మాట్లాడుకోండి

1. మన రోగికి డయాలసిస్ ఏ ఏ రోజులలో? కేంద్రం ఫోను నంబరు ఇంట్లో ఎందరికి తెలుసు?
2. రోడ్డు మూసుకుపోతే మన రెండవ దారి ఏది? రోగిని మోయడానికి ఎవరు వస్తారు?
3. ఈ రోజు ఇంట్లో ఎన్ని రోజుల మందులు ఉన్నాయి?
4. సాయంత్రం వాతావరణ సమాచారం వినే బాధ్యత ఎవరిది?

యోసేపు ఐగుప్తులో సమృద్ధి ఉన్న ఏడు సంవత్సరాలలోనే ధాన్యం కూర్చి ఉంచాడు గనుక కరవులో అనేకుల ప్రాణాలు నిలిచాయి. ముందుచూపు అవిశ్వాసం కాదు. అది దేవుడిచ్చిన జ్ఞానం. ప్రార్థన చేయండి, ఫోనూ చేయండి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు గాలి ప్రశాంతంగా ఉన్న ఈ రాత్రే రాసి, మందుల చీటీ పక్కన అంటించండి.

ప్రభువు మీ ఇంటిని, మీ రోగిని కాపాడును గాక.